అడవిలో అక్కరకు వచ్చునవి, రానివి

అడవిలో దారి తప్పినవాడు ఎట్లు బ్రతికి బయటపడవలెనో చెప్పుటకు అడవి ముఖము చూడనివారు సైతము సిద్ధముగా నుందురు. చెట్టు మీది నాచు దిక్కు తెలుపుననియు, కోతి తిన్న పండు మనిషి తినవచ్చుననియు, పాము కరచినచోట కోసి నెత్తురు పీల్చి ఉమ్మివేయవలెననియు మనమందరము ఏదో ఒక కథలోనో చలనచిత్రములోనో తెలిసికొన్నవారమే. శివరాత్రికిని ఉగాదికిని నల్లమల అడవిదారిని నడచి శ్రీశైలము చేరు యాత్రికులు నేటికిని కలరు. కాబట్టి ఈ మాటలలో నిజమెంతయో విచారించుట మనకు వట్టి కాలక్షేపము కాదు.

ముందుగా దిక్కుల సంగతి. నాచు ఉత్తరపు వైపున పెరుగునన్నది చలిదేశముల మాట. అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడవునను దక్షిణముననే ఉండును గనుక చెట్టునకు ఉత్తరపు ప్రక్క నీడయు చెమ్మయు ఎక్కువ. అక్కడను అది నమ్మకమైన గుర్తు కాదు. మన వాగుల ఒడ్డున చెట్టునకు నాలుగు ప్రక్కలను నాచే.

చేతి గడియారపు ఉపాయము ఇంకను ఆకర్షణీయమైనది. చిన్న ముల్లును సూర్యుని వైపునకు త్రిప్పి, ఆ ముల్లునకును పండ్రెండు అంకెకును నడిమి రేఖను చూచిన అది దక్షిణము చూపునందురు. లండనులో దీనికి కొంత విలువ కలదు. శ్రీశైలము భూమధ్యరేఖకు సుమారు 16 డిగ్రీలు మాత్రమే ఉత్తరమున నున్నది. అక్కడ మార్చి 21వ తేదీన సౌరమానము ప్రకారము ఉదయము పది గంటలకు ఈ లెక్క వేసిన 30 డిగ్రీలకు మించిన తప్పు వచ్చును. ఆ తప్పు దిక్కున నాలుగు కిలోమీటర్లు నడచినవాడు తాను చేరవలసిన చోటునకు రెండు కిలోమీటర్లకు పైగా ప్రక్కన తేలును. మే మొదటి వారము మొదలు ఆగష్టు రెండవ వారము వరకు మధ్యాహ్నపు సూర్యుడు అక్కడివారి నడినెత్తికి ఉత్తరముననే ఉండును. ఆ దినములలో గడియారమును నమ్మినవాని గతి చెప్పనక్కరలేదు.

దీనికంటె ఒక కర్ర మేలు. చదునైన నేలపై కర్ర నిలువుగా పాతి, నీడ కొన యున్నచోట ఒక రాయి పెట్టవలెను. పదిహేను ఇరువది నిమిషములు ఆగి, నీడ కొన జరిగినచోట రెండవ రాయి పెట్టవలెను. మొదటి రాయి పడమర, రెండవది తూర్పు. ఉదయము పెందలకడను, సాయంకాలము పొద్దుపోయిన పిమ్మటను ఇది కొంత తప్పు చూపును. మధ్యాహ్నమునకు ఇటునటుగా చక్కగా పనిచేయును. మా పెరటిలో మేమును చేసి చూచితిమి. పిల్లలు రెండవ రాయి పెట్టుటకు తొందరపడుట తప్ప వేరు చిక్కు కలుగలేదు.

ఇక నీరు. 1965లో అమెరికాలోని ఇద్దరు శాస్త్రజ్ఞులు ఎడారిలో గొయ్యి త్రవ్వి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు కప్పి, నడుమ ఒక రాయి యుంచి, మట్టిలోని చెమ్మ ఆవిరియై రేకు అడుగున నీటి బొట్లుగా క్రింది గిన్నెలో పడునట్లు చేయు పద్ధతిని ప్రకటించిరి. శాస్త్రము సరియైనదే. కాని ఎండలో గొయ్యి త్రవ్వువాని ఒంటినుండి పోవు చెమట, ఆ గొయ్యి ఇచ్చు నీటికంటె తరచు ఎక్కువ. మన పల్లెవారి చెలమ ఇంతకంటె తెలివైనది. ఎండిన ఏటి ఇసుకలో, ముఖ్యముగా ఏరు వంపు తిరిగిన వెలుపలి ఒడ్డున, మోకాలిలోతు త్రవ్వి కొంతసేపు ఆగిన నీరు ఊరును. ఇసుకయే దానిని చాలవరకు వడకట్టును.

బురదనీటిని తేర్చుటకు చిల్లగింజను కుండ లోపల అరగదీయుట పూర్వాచారము. సుశ్రుత సంహితలో సైతము ఇది కలదు. ఇది మూఢనమ్మకము కాదు. గింజలోని పదార్థము నీటిలో తేలు మట్టిరేణువులను ఒకదానితో ఒకటి అంటించి బరువెక్కించును. అవి అడుగున పేరుకొనును. మునగ గింజల పొడియు ఈ పని చేయును. కాని తేటపడిన నీరు శుద్ధమైన నీరు కాదు. కంటికి కానరాని క్రిములలో కొన్ని మట్టితోపాటు దిగినను, మిగిలినవి వ్యాధి తెచ్చుటకు చాలును. ఆ నీటిని తెర్లించి, ఒక్క నిమిషము తెర్లనిచ్చి, చల్లార్చి త్రాగవలెను.

తెర్లించుటకు నిప్పు కావలెను గదా! యజ్ఞములలో అరణి మథించి అగ్ని పుట్టించుట మనమెరిగినదే. కట్టెలు బాగుగా ఎండియుండి, చేయి తిరిగినవాడు చేసిన నిప్పు పుట్టును. వానకారులో మొదటిసారి ప్రయత్నించువానికి పుట్టునది చేతి బొబ్బలే. కండ్లద్దములతో నిప్పు చేయవచ్చునన్న మాటలో సగమే నిజము. విలియమ్ గోల్డింగ్ 1954లో వెలువరించిన ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’ నవలలో దీవిలో చిక్కిన బాలురు దూరపుచూపు ఆనని ఒక పిల్లవాని అద్దములతో నిప్పు రాజేయుదురు. ఆ దోషమునకు వాడు అద్దములు వెలుతురును చెదరగొట్టునే గాని ఒకచోట చేర్చవు. చత్వారపు అద్దములతో మిట్టమధ్యాహ్నపు ఎండలో కొంత శ్రమపడి సాధింపవచ్చును. అగ్గిపెట్టెను తడవకుండ ప్లాస్టిక్ సంచిలో చుట్టుకొని పోవుటయే తేలిక.

కోతి తిన్న పండు మాట మాత్రము ప్రాణాంతకము కాగలదు. ముష్టి చెట్టు మన అడవులలో కలదు. దాని పండు గుజ్జును కోతులును పక్షులును తినును. గింజలో స్ట్రిక్‌నిన్ అను భయంకర విషమున్నది. విచిత్రమేమన, నీటిని తేర్చు చిల్లయు, మనిషిని చంపు ముష్టియు ఒకే ప్రజాతికి చెందిన అక్కచెల్లెండ్రు. చిల్లగింజ చిన్నది, గుండ్రనిది. ముష్టిగింజ పెద్ద బొత్తామువలె చదునుగా, బూడిదరంగు నూగుతో నుండును. ఒకటి రెండు దినములు ఆకలితో ఉన్నంత మాత్రమున మనిషి చావడు. కనుక తెలియని పండును ముట్టకుండుటయే మంచిది.

అన్నిటికంటె ముఖ్యమైనది పాముకాటు. 2020లో ప్రకటింపబడిన ఒక పరిశీలన ప్రకారము 2000 నుండి 2019 వరకు మన దేశమున ఏటేట సుమారు 58,000 మంది పాముకాటుతో మరణించిరి. ఎక్కువ మరణములు నమోదైన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశమును ఒకటి. వీరిలో పెక్కుమంది దారి తప్పినవారు కారు. పొలములలోను ఇండ్లలోను కాటు పడినవారు.

కోసి పీల్చుట పనికిరాదు. విషము కోరలగుండ కండలోనికి దిగి వెంటనే వ్యాపించును. విషమునకు బదులు గుర్తించుటకు వీలైన ద్రవమును మనుష్యుల కాలిలోనికి ఎక్కించి, పీల్చు యంత్రముతో లాగిచూచిన 2004 నాటి ప్రయోగములో నెత్తుటి నీరు వచ్చినది గాని, ఆ ద్రవము దాదాపు ఏమియు రాలేదు. యంత్రమే తేలేనిది నోరు తేగలదా? గట్టిగా కట్టు బిగించుట అంతకంటె హాని. రక్తపింజరి విషము కాటుపడినచోటనే కండను కుళ్ళజేయును. కట్టు నెత్తురును ఆపి ఆ కీడును పెంచును. దానిని ఒక్కసారి విప్పినప్పుడు ఆగియున్న విషము ఒంట వ్యాపించి ప్రమాదము కలుగును.

మరి విషమును పీల్చునని చెప్పెడి నల్లరాయి? అది తరచు కాల్చిన ఎముక ముక్క. దానిలోని సన్నని రంధ్రములు గాయపు తడిని పీల్చును గనుక అంటుకొని నిలుచును. తడి నిండినపుడు రాలిపోవును. పాలలో వేసిన బుడగలు వచ్చును. అది గాలి, విషము కాదు. అయినను ఆ రాతితో బ్రతికినవారు ప్రతి ఊరిలోను కనబడుదురు. ఏలనన, కరచిన పాములలో ఎన్నో విషము లేనివి. విషపు పామును ఒక్కొక్కప్పుడు విషము వదలకయే కరచును. ఆ రోగి రాయి పెట్టకున్నను బ్రతికెడివాడే.

కట్లపాము సంగతి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. అది రాత్రివేళ, నేలపై నిద్రించువారిని కరచును. నొప్పియు వాపును ఉండకపోవచ్చును. తెల్లవారుజామున కడుపునొప్పి, తరువాత రెప్పలు వాలిపోవుట, మాట ముద్దయగుట, చివరకు ఊపిరి అందకపోవుట. అజీర్ణమనుకొని ఊరకుండి ప్రాణములు పోగొట్టుకొన్నవారు కలరు. అడవిలో గాని ఇంటిలో గాని నేలపై పరుండువారు దోమతెరను చాప క్రిందికి దోపుకొని పండుకొనిన ఈ పాము బెడద చాలవరకు తప్పును.

నిజమైన మందు ఒక్కటే. విషమును కొద్దికొద్దిగా గుర్రములకు ఎక్కించి, వాని నెత్తుటినుండి తీసిన విరుగుడు అది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికిని ఒకే మందు. అందుచేత పామును చంపి ఆసుపత్రికి మోసికొని పోనక్కరలేదు. తెగిన తల సైతము కరవగలదు. ఈ మందునకు కావలసిన విషమును 1978లో తమిళనాడులో ఏర్పడిన ఇరుళ పాములవారి సహకార సంఘము సేకరించి యిచ్చుచున్నది. ఒకప్పుడు తోళ్ళకై పాములను పట్టినవారే నేడు విషము తీసి పాములను మరల అడవిలో విడుచుచున్నారు. మందు కొందరికి వికటించును గనుక వైద్యుని యెదుటనే ఎక్కింపవలెను.

కావున కాటు పడినవానిని కూర్చుండబెట్టి ధైర్యము చెప్పుడు. ఉంగరములు, గాజులు, మెట్టెలు తీసివేయుడు. వాపు వచ్చిన పిమ్మట అవి రావు. ఎముక విరిగినవానికి కట్టినట్లే బద్దలు వేసి, నెత్తురు ఆగనంత వదులుగా గుడ్డ చుట్టి, కాలిని చేతిని కదలనీయకుడు. నడువనీయవద్దు. రెండు వెదురు బొంగులు, ఒక దుప్పటి ఉన్న డోలీ సిద్ధమగును. బండిదారి చేరినంతనే 108 వాహనమును పిలువుడు. కాటు పడిన వేళను ఒక కాగితముపై వ్రాసి వెంటబోవువాని చేతికిండు.