చలి పనిచేసేది బండి ఆపాకే

హైదరాబాద్ నుంచి మనాలికి సుమారు 2,100 కిలోమీటర్లు. మంచు చూద్దామని అంత దూరమూ సొంత కారులో పోయేవాళ్లు మనలో కొత్తేమీ కాదు. 2020 అక్టోబరు 3న అటల్ సొరంగం తెరిచాక ఆ సరదా మనాలి దగ్గర ఆగడం లేదు. అంతకుముందు 3,978 మీటర్ల రోహతాంగ్ కనుమ మంచుతో మూసుకుపోతే లాహౌల్ లోయకు రోడ్డు దారి ఉండేది కాదు. ఇప్పుడు 9.02 కిలోమీటర్ల సొరంగంలో దూరితే కాసేపట్లో అవతల తేలతాం. చిక్కల్లా ఆ అవతలే. మనాలి ఎత్తు రెండు వేల చిల్లర మీటర్లు, సొరంగం అవతలి సిస్సు ఊరు మూడు వేలు పైమాటే. జనవరి రాత్రుల్లో అక్కడ సున్నాకు పది డిగ్రీలు కిందికి పోవడం వింత కాదు. లంబసింగి చలి చూసి వచ్చామన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

ఊరెళ్తున్నామంటే మన మెకానిక్ సర్వీసింగ్ చేసి, ఎయిర్ చెక్ చేసి, "ఏం కాదు సార్, పోయి రండి" అంటాడు. మనాలి దాకా అతని మాట నిజమే. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ దాని వేడే దానికి కాపలా. రాత్రి బస ముందు బండి ఆపి, తాళం వేసి, మనం రజాయి కప్పుకున్నాక చలి తన పని మొదలుపెడుతుంది.

రేడియేటర్లో కూలెంటే ఉంది కదా, ఇంకేం చూడాలి?

ఉన్నదాంట్లో నీళ్లెన్నో చూడాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మూత తీసి చూడండి. ముదురు ఆకుపచ్చగానో గులాబీ రంగుగానో ఉండాల్సింది వెలిసిపోయిన చీర రంగులో కనిపిస్తే, ప్రతి ఎండాకాలమూ ఎవరో ఒకరు బాటిల్ నీళ్లు పోస్తూ వచ్చారన్నమాట. మన ఊళ్లో దానివల్ల వెంటనే వచ్చే ముప్పేమీ ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ నీరు గడ్డకడితే సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతుంది. ఇంజిన్ లోపలి సన్నటి దారుల్లో ఉబ్బడానికి చోటెక్కడ? రేడియేటర్ చిట్లుతుంది, ఖర్మ కాలితే ఇంజిన్ బ్లాకే పగులుతుంది.

నీళ్లు సగం, ఇథిలిన్ గ్లైకాల్ కూలెంట్ సగం కలిపితే అది గడ్డకట్టేది మైనస్ 37 డిగ్రీల దగ్గర. అలాగని "అచ్చం కూలెంటే పోసేస్తే ఇంకా గట్టి" అనుకోకండి. నీళ్లు కలపని గ్లైకాల్ మైనస్ 13కే గడ్డకడుతుంది. విడివిడిగా కంటే కలిసినప్పుడే రెండూ చలిని బాగా తట్టుకుంటాయి. డబ్బా మీద నీళ్లు కలిపి వాడమని ఉందో, నేరుగా పోయమని ఉందో చదవండి. రంగు మీద అనుమానం ఉంటే పాతది మొత్తం వంచేసి కొత్తది పోయించడమే మేలు. వైపర్ నీళ్ల డబ్బా సంగతి అందరూ మరిచిపోతారు. అందులోనూ చలికి గడ్డకట్టని ద్రవం ఉండాలి.

డీజిల్ కూడా గడ్డకడుతుందా?

చలికాలం పొద్దున కొబ్బరినూనె సీసా చూశారుగా, అలాగే. డీజిల్‌లో మైనం ఉంటుంది. చలి పెరిగేకొద్దీ అది పలుకులు కట్టి ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. ట్యాంకు నిండుగానే ఉన్నా ఇంజిన్‌కు చుక్క అందదు. లద్దాఖ్ కోసమని ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో మైనస్ 33 దాకా పారే చలికాలపు డీజిల్‌ను విడుదల చేసింది కూడా ఇందుకే.

మైదానంలో ట్యాంకు నిండా కొట్టించి అదే డీజిల్‌తో కొండెక్కకండి. కిందిది చాలావరకు కాల్చేసి, పైన పంపులో అక్కడి ట్యాక్సీవాళ్లు ఏది పోయించుకుంటున్నారో అడిగి అదే పోయించండి. మైనం కట్టకుండా చేసే మందు సీసాలు దొరుకుతాయి. వాటిని చలిలోకి వెళ్లకముందే కలపాలి, పలుకులు కట్టాక పోస్తే ఫలితం లేదు. పాతకాలపు డ్రైవర్లు కిరోసిన్ కలపమంటారు, ట్యాంకు కింద మంట పెట్టమంటారు. మొదటిది బీఎస్-6 ఇంజిన్‌కు చేటు, రెండోదాని గురించి నేను చెప్పక్కర్లేదు. పెట్రోల్ బండివాళ్లు ఈ ప్రశ్న వదిలేసి ముందుకు పోవచ్చు.

హైదరాబాద్‌లో ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయ్యే బండి అక్కడెందుకు మొరాయిస్తుంది?

బ్యాటరీలో జరిగేది రసాయన చర్య. చలికి అది మందగిస్తుంది. సున్నా డిగ్రీలకే సుమారు మూడో వంతు బలం పోతుంది. సరిగ్గా అప్పుడే ఇంజిన్ ఆయిల్ చిక్కబడి, ఇంజిన్‌ను తిప్పడానికి ఇంకా ఎక్కువ బలం కావాల్సి వస్తుంది. ఆయిల్ డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటుందే, ఆ డబ్ల్యూ అంటే చలికాలమే. దాని ముందున్న అంకె ఎంత తక్కువైతే చలిలో అంత పల్చగా పారుతుంది.

ఇందులో మన ఎండల పాత్రా ఉంది. బ్యాటరీని లోపల్లోపల తినేది మన మే నెల, ఆ సంగతి బయటపెట్టేది జనవరి. మూడేళ్లు దాటిన బ్యాటరీని బయల్దేరే ముందే లోడ్ పెట్టి పరీక్ష చేయించండి. జంపర్ కేబుళ్లు డిక్కీలో పడేసుకోండి. ఇంకో మాట: డౌన్ అయిపోయిన బ్యాటరీలో ఉండేది దాదాపు నీళ్లే కాబట్టి అది చలికి గడ్డకడుతుంది కూడా. పూర్తిగా చార్జయి ఉన్నదానికి ఆ భయం లేదు.

టైర్లలో గాలి ఎంత ఉంచాలి?

చలికి గాలి కుంచించుకుని టైరు మెత్తబడుతుంది. ఎత్తుకు పోతే బయటి గాలి ఒత్తిడి తగ్గి టైరు గట్టిపడుతుంది. రెండూ ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి. ముప్పై డిగ్రీల హైదరాబాద్‌లో 33 నింపిన టైరు, మైనస్ పది దగ్గర సిస్సులో సుమారు 30 చూపిస్తుంది. అందుకే లెక్కలు కట్టుకోవడం మాని, పొద్దున బండి కదిలించకముందు చిన్న గేజీతో చూసి, తలుపు దగ్గరి స్టిక్కర్ మీదున్న అంకెకు సరిచేయండి.

గాలి కంటే నన్ను భయపెట్టేది రబ్బరు. మన టైర్లు ఎండకు చేసినవి. ఏడు డిగ్రీలు దాటి కిందికి పోతే బిరుసెక్కి పట్టు కోల్పోతాయి. అరిగిపోయిన టైర్లతో మాత్రం వెళ్లొద్దు.

ఫోర్ బై ఫోర్ బండికి కూడా మంచులో టైర్లకు కట్టే చైన్లు కావాలా?

నాలుగు చక్రాలూ తిరగడం బండి కదలడానికి సాయం, ఆగడానికి కాదు. బ్రేకు అన్ని కార్లకూ నాలుగు చక్రాలకే ఉంటుంది. హిమపాతం ఎక్కువైన రోజుల్లో మనాలి పైన పోలీసులు ఫోర్ బై ఫోర్ బండ్లనో, చైన్లు కట్టినవాటినో మాత్రమే వదులుతారు. చైన్లను ఇంజిన్ తిప్పే చక్రాలకు కట్టాలి. మన చిన్న కార్లలో చాలావాటికి అవి ముందు చక్రాలు. ఇంటి దగ్గర పొడి నేల మీద ఒకసారి కట్టి విప్పి చూసుకోండి. మొద్దుబారిన వేళ్లతో, జారే రోడ్డు పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆ కొక్కెం మొదటిసారి వెతుక్కోవడం నరకం. మంచు లేని తారు కనిపించగానే విప్పేయండి, లేకపోతే చైనూ, టైరూ రెండూ పోతాయి.

పొగలా కమ్మేదీ, దూదిలా రాలేదీ, గాజులా పరుచుకునేదీ అన్నీ మనకు మంచే. డ్రైవర్‌కు మాత్రం ఈ మూడూ వేర్వేరు. రాలినది కంటికి కనిపిస్తుంది. కొండనీడ పడే మలుపులో, ఊటనీరు రోడ్డు మీదికి పారి గడ్డకట్టినచోట, తడి తారులాగే ఉంటుంది గాజు మంచు. అక్కడ గట్టిగా బ్రేకు తొక్కితే బండి మన మాట వినదు. ముందే గేరు తగ్గించి, కాలు మెల్లగా తీసి పోనివ్వాలి. ఎండ రోడ్డు మీద పడ్డాక, తొమ్మిదీ పదింటికి బయల్దేరితే సగం బాధ తప్పుతుంది.

రాత్రి బండి ఎలా ఆపాలి?

తడిసిన హ్యాండ్ బ్రేకు వేసి వదిలేస్తే తెల్లారేసరికి అంటుకుపోతుంది. చదునైన చోట గేరులో పెట్టి, చక్రాల కింద రాళ్లు పెట్టండి. ఆటోమేటిక్ అయితే పి. వైపర్లు పైకి లేపండి. ముందు భాగం పొద్దుటి ఎండకు ఎదురుగా ఉండేలా ఆపండి. పొద్దున అద్దం మీద వేన్నీళ్లు గుమ్మరించారో, అద్దం పగులుతుంది.

గది దొరక్కపోతే హీటర్ వేసుకుని కార్లోనే పడుకోవచ్చా?

ఇంజిన్ ఆన్‌లో ఉంచి పడుకోవద్దు. రాత్రి కురిసే మంచు పొగగొట్టం మూసేస్తే కార్బన్ మోనాక్సైడ్ బండిలోకి చేరుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, దగ్గూ రాదు. ముందు తలనొప్పి, తర్వాత మగత. మంచులో ఇరుక్కుని గత్యంతరం లేకపోతే, మొదట దిగి పొగగొట్టం చుట్టూ తవ్వండి. కిటికీ రెండు వేళ్ల సందు దించి, గంటకు పది నిమిషాలే ఇంజిన్ నడపండి. ప్రతిసారీ స్టార్ట్ చేసే ముందు ఆ గొట్టం మళ్లీ చూడండి. ఒకరు తప్పనిసరిగా మేలుకునే ఉండాలి.