శుక్లాల ఆపరేషన్ తరువాత కంటిలో బూజు – గుర్తించుట ఎట్లు?

శుక్లాలు తీయించుకొన్న కన్ను కొద్ది దినములు ఎర్రగా ఉండి గరగరలాడుట సహజము. అది దినదినమునకు తగ్గవలెను. తగ్గక పెరిగినను, నెల దినములు చక్కగా కనిపించిన చూపు మరల మసకబారినను, దానిని కండ్లకలకగా భావింపరాదు. కంటి లోపల క్రిములు చేరుట మిక్కిలి అరుదు. కాని చేరినచో చూపే పోవచ్చును.

బాక్టీరియా వలన కలుగు వ్యాధి సాధారణముగా కొద్ది దినములలోనే నొప్పితో, వాపుతో బయటపడును. శిలీంధ్రము, అనగా బూజు, తరచు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు గడచిన పిమ్మట మెల్లగా తలయెత్తును. నొప్పి కూడ స్వల్పముగానే ఉండవచ్చును. అయితే ఆస్పర్జిల్లస్ అను బూజు త్వరగానే విజృంభింపగలదు గనుక దినములు లెక్కించి మాత్రమే నిర్ణయించుట కుదరదు.

వైద్యులను సైతము తికమక పెట్టునది మరొకటి ఉన్నది. వాపు తగ్గుటకు ఇచ్చు స్టెరాయిడ్ చుక్కలతో బూజు పట్టిన కంటి ఎరుపు కూడ కొన్నాళ్లు తగ్గును. లోపల బూజు మాత్రము పెరుగుచునే ఉండును. చుక్కలు తగ్గించగానే ఎరుపు తిరుగబెట్టినదా? ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పవలెను.

నల్లగుడ్డు వెనుక అడుగున చీము, లోపల దూది ఉండలవంటి తెల్లని మబ్బులు కనిపించినచో అనుమానము బలపడును. నిర్ధారణకు కంటి లోపలి ద్రవమును సన్నని సూదితో కొద్దిగా తీయుదురు. దానికి పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపి సూక్ష్మదర్శినిలో చూచినచో బూజు పోగులు ఆనాడే కనిపింపవచ్చును. కనిపించనంత మాత్రమున లేదని కాదు. ప్రయోగశాలలో పెంచి రెండు వారముల వరకు వేచి చూచుదురు.

మా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుండి వచ్చువారు ఆపరేషన్ అయిన కంటిలో నందివర్ధనం పూరసము, తేనె, చనుబాలు వేయవచ్చునా అని నన్ను అడుగుచుందురు. ఏదియు వేయరాదు. త్రిఫలా కషాయముతో కడుగుటయు కూడదు. సుశ్రుతుడు లింగనాశమునకు శలాకచికిత్స చెప్పి, పిదప చనుబాలతో తడుపుమన్న మాట నిజమే. గురుకులమున నేనును అది వల్లించినవాడనే. కాని ఆ చికిత్సలో కటకమును లోపలికి త్రోయుటయే గాని కృత్రిమ కటకము అమర్చుట లేదు. నేటి కంటికి నేటి శుభ్రతయే ప్రమాణము. నూర్పుల ధూళిలో బూజు బీజములు మెండు గనుక ఆ పనులకు కొన్ని వారములు దూరముగా ఉండవలెను.

అనుమానము కలిగిననాడే ఆపరేషన్ చేసిన డాక్టరును కలియవలెను. ఆయన రెటీనా నిపుణుని వద్దకు పంపినచో, విశాఖపట్నములో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, ఎల్.వి. ప్రసాద్ సంస్థవారి ఆసుపత్రి ఉన్నవి. ఇచ్ఛాపురం వారికి అది దూరమే. అయినను వాయిదా వేయరాదు. ఆపరేషన్ చీటీ, వాడిన చుక్కల సీసాలన్నియు వెంట తీసికొనిపోవలెను. అదే దినమున ఆపరేషన్ అయిన మరెవరికైనను ఇట్లే జరిగినచో ఆ సంగతియు తెలుపవలెను.