మన యిండ్ల నుండియే మన బడికి పంతులమ్మలు

షోలాపురమునందలి మన చేనేతవాడలలో స్త్రీ పనిచేయవలెనా, ఊరక ఇంటనుండవలెనా యను చర్చకు ఏనాడును తావు లేకపోయినది. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు ప్రాంతముల నుండి మన పెద్దలు బ్రతుకుదెరువు వెదకికొనుచు ఈ పట్టణమునకు వచ్చిన నాటినుండియు మన స్త్రీలు పనిచేయుచునే యున్నారు. పురుషుడు మగ్గముపై కూర్చున్నచో, కండెలు చుట్టుట, ఆసు పోయుట స్త్రీల వంతు. కూలి మాత్రము మగ్గమెక్కినవాని పేరనే వచ్చెడిది. మరమగ్గములు వచ్చి ఇంటిమగ్గములు తగ్గిన పిదప వేలాది స్త్రీలు బీడీలు చుట్టు పనిలో ప్రవేశించిరి. వారి కష్టార్జితము సంఘటితమైనచో ఏమి సాధింపగలదో కుంభారి వద్ద 2006లో వెలసిన గోదూతాయి పరులేకర్ గృహసముదాయమే సాక్ష్యము. బీడీ కార్మిక స్త్రీలకై అచట పదివేల యిండ్లు నిర్మింపబడినవి.

కావున మన కుమార్తె రేపు చదువుతో కూడిన పనిచేయునా, చదువు విడిచిన పనిచేయునా యనునదే నేడు తలిదండ్రుల ముందున్న ప్రశ్న.

చదువు ఎచట తెగిపోవుచున్నదో కొంచెము పరిశీలింతము. బీడీ పనికి కూలి వేయింటి లెక్కన వచ్చును. లెక్క పూర్తి కావలెనన్నచో తల్లి రెండు చేతులు చాలవు. అందుచే బడి నుండి వచ్చిన బాలిక ఆకు కత్తిరించును, బీడీల మూతులు ముడుచును, కట్టలు కట్టును, నడుమ చంటి తమ్ముని ఎత్తుకొనును, నీళ్లు పట్టును. అదే తరగతిలో చదువు ఆమె అన్న బడి సంచి మూలనుంచి ఆటకు పోవును. పరీక్షలో అతనికి పది మార్కులు ఎక్కువ వచ్చినచో, “మగపిల్లవాడు కదా, తెలివి గలవాడు” అందుము. తెలివిలో భేదము లేదు. సాయంకాలపు రెండు గంటలలో భేదము కలదు. ఆ రెండు గంటలు అతనికి దొరకినవి, ఆమెకు దొరకలేదు.

ఇది ఒక్కొక్క యింటి విషయమువలె తోచునుగాని, మన పాఠశాల భవిష్యత్తు దీనిపైననే ఆధారపడియున్నది. భారత రాజ్యాంగపు 30వ అధికరణము భాషాల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను స్థాపించి నడపుకొను హక్కు నిచ్చినది. 1956లో చేర్చబడిన 350-ఏ అధికరణము ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పుటకు తగిన సదుపాయములు కల్పింపవలెనని రాష్ట్రములకు నిర్దేశించినది. హక్కు కాగితముపై నున్నంత మాత్రమున తరగతి నడువదు. తెలుగు చక్కగా చదివి వ్రాయగలిగి, మరాఠీలో వ్యవహరింపగలిగి, మన వాడల పిల్లల మాటతీరు తెలిసిన ఉపాధ్యాయులు కావలెను. ఇట్టివారు మన యిండ్ల నుండి రాక మరెచ్చటి నుండి వత్తురు? పదవ తరగతితో మాన్పింపబడిన ప్రతి బాలికతోను మన బడికి రావలసిన ఒక పంతులమ్మ తగ్గిపోవుచున్నదని మా విశ్వాసము.

స్త్రీవిద్య వ్యాపించుటకు స్త్రీలే ఉపాధ్యాయినులు కావలెనను సత్యమును మన పూర్వులు ఎరుగుదురు. 1848లో పూనాలో బాలికల పాఠశాల తెరచిన నాడు సావిత్రీబాయి ఫూలే స్వయముగా బోధనకు నిలిచెను. 1874లో ధవళేశ్వరమున కందుకూరి వీరేశలింగముగారు బాలికా పాఠశాలను స్థాపించిరి. మరాఠీదేశపు వెలుగును, తెలుగుదేశపు వెలుగును మనకు సమానముగా వారసత్వమే.

వీరి తరువాత మన తల్లులు ముఖ్యముగా తెలిసికొనవలసిన చరిత్ర దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారిది. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన ఆమెకు ఎనిమిదేండ్లకే వివాహము జరిగినది. పెద్దయిన పిదప ఆ బంధమును వదలి, స్వాతంత్ర్యోద్యమమున కారాగారవాస మనుభవించి, అటుపిమ్మట చదువు మరల ప్రారంభించి న్యాయవాది యయ్యెను. చదువు ఆగిపోయిన స్త్రీలను మెట్రిక్యులేషను పరీక్షకు తయారుచేయుటతో మొదలైన ఆమె కృషి, 1937లో మద్రాసున ఆంధ్ర మహిళా సభగా రూపొందినది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలయ్యెను. ఆ సంవత్సరమే మహారాష్ట్రీయుడైన చింతామణ్ దేశ్‌ముఖ్‌గారిని వివాహమాడి తెలుగు మరాఠీలకు చుట్టరికము కలిపెను. 1958లో ఆ మండలి వయోజన స్త్రీలకై సంక్షిప్త విద్యా తరగతులను ప్రారంభించినది. బడి మానిన స్త్రీ కొలదికాలములో పరీక్షకు సిద్ధమై ఉపాధ్యాయినిగనో, దాదిగనో శిక్షణ పొందుటకు అర్హత సంపాదించుట ఆ తరగతుల ఉద్దేశము. తెగిన పోగును నేతగాడు పారవేయక ముడివేసి నేతను సాగించునట్లే, తెగిన చదువును కూడ ముడివేయవచ్చునని ఆమె చూపినది.

ఆ మార్గము నేడును తెరచియే యున్నది. మహారాష్ట్రమున పదవ, పన్నెండవ తరగతుల పరీక్షలకు 17వ నంబరు దరఖాస్తుతో బయటి అభ్యర్థిగా కూర్చుండవచ్చును. 1989లో స్థాపితమైన యశ్వంతరావ్ చవాన్ సార్వత్రిక విశ్వవిద్యాలయము ద్వారా ఇంటనుండియే పట్టము పొందవచ్చును.

ఉపాధ్యాయ వృత్తికి మెట్లు స్పష్టమైనవి. పన్నెండవ తరగతి పిదప రెండేండ్ల ప్రాథమికోపాధ్యాయ శిక్షణ, ఆపై ఉపాధ్యాయార్హత పరీక్ష. ఉన్నత పాఠశాలలో బోధింపగోరినచో పట్టము, పిదప రెండేండ్ల బి.ఎడ్. ఖర్చునకు వెరవనక్కరలేదు. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక సంక్షేమ సంస్థ విద్యార్థివేతనము లిచ్చుచున్నది. దీనికి తల్లి యొక్క కార్మిక గుర్తింపుపత్రము అవసరము. ఎనిమిది లక్షల రూపాయలకు మించని వార్షికాదాయము గల వెనుకబడిన తరగతుల బాలికలకు వృత్తివిద్యలలో పూర్తి రుసుము రాయితీని మహారాష్ట్ర ప్రభుత్వము 2024-25 విద్యాసంవత్సరము నుండి కల్పించినది. తమ కుమార్తె చేరదలచిన విద్యకు ఇది వర్తించునో లేదో ప్రవేశమునకు ముందే కళాశాలలో విచారింపవలెను.

ఉద్యోగము దొరకినంతనే పని ముగియదు. నేడు మన దేశమున పాఠశాలోపాధ్యాయుల సంఖ్య కోటికి మించినది. అందు సగమునకు పైగా స్త్రీలే. అయినను చిన్న తరగతులలో స్త్రీలు హెచ్చుగాను, పై తరగతులకు పోయినకొలది తక్కువగాను కనుపింతురు. ప్రధానోపాధ్యాయ పదవి సాయంకాలపు సమావేశములను, విద్యాశాఖ కార్యాలయమునకు రాకపోకలను, సెలవుదినములలో లెక్కపత్రములను కోరును. ఉపాధ్యాయిని యైనను ఇల్లు చేరగనే పొయ్యి, పిల్లలు, అత్తమామల సేవ ఆమెకై యెదురుచూచుచుండును. తోటి ఉపాధ్యాయుడు ఆ గంటలలోనే పై పరీక్షకు చదివి ముందుకు పోవును. బాలికగా పోయిన రెండు గంటలే ఉద్యోగినిగా మరల పోవుచున్నవి.

అల్పసంఖ్యాకుల విద్యాసంస్థ తన ప్రధానోపాధ్యాయుని తానే ఎన్నుకొను హక్కు గలదని 1998లో సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. అర్హురాలైన స్త్రీని ఆ పీఠమున కూర్చుండబెట్టుటకు మన సంఘములకు అడ్డులేదని దీనివలన తేలుచున్నది. అయితే ఆ దినమున అర్హురాలు సిద్ధముగా నుండవలెను. కాలపట్టిక వేయుట, హాజరు లెక్కలు, తనిఖీ పత్రములు, పోషకుల సభ నడపుట మున్నగు పనులను ఇప్పటినుండియే ఉపాధ్యాయినులకు అప్పగించి నేర్పవలెనని కార్యవర్గములకు మా మనవి.

తలిదండ్రులకు మేము నివేదించుకొను విషయములు అయిదే. సాయంకాలము ఆరు మొదలు ఎనిమిది గంటల వరకు కుమార్తె చేతికి పుస్తకము తప్ప వేరొకటి ఇయ్యకుడు. ఆమె చేయవలసిన నీళ్ల పని, ఊడ్చు పని కుమారునికిని సగము పంచుడు. దానివలన అతని మగతనమునకు లోపము రాదు. పదవ తరగతి ఫలితములు వచ్చిన వారములోనే పై ప్రవేశమునకు దరఖాస్తు నింపుడు. పెండ్లి మాట వచ్చినచో శిక్షణ ముగియువరకు ఆపుడు. కోడలు ఉపాధ్యాయిని యైనచో ఆమె జీతమును మాత్రమేగాక ఆమె చదువును, పదోన్నతిని కూడ ఇంటి గౌరవముగా నెంచుడు.

ఈ అయిదును ధనముతో పనిలేనివి. ఈ సంవత్సరము పదవ తరగతిలోనున్న బాలికల తలిదండ్రులు ఫలితముల వరకు ఆగక, ముందుగనే పాఠశాలకు వచ్చి ఉపాధ్యాయులతో మాటలాడవలెనని కోరుచున్నాము. దరఖాస్తులు నింపుటలోను, పత్రములు సమకూర్చుటలోను తోడ్పడుటకు మేము సిద్ధముగా నున్నాము.