క్రూయిజ్ కంట్రోల్: పాత కారులో బటన్ నొక్కినా సెట్ అవ్వట్లేదా? ముందు బ్రేక్ లైట్లు చూసుకోండి..!

అప్పనపల్లి బాల బాలాజీ దర్శనం అయిపోయింది. పాశర్లపూడి దగ్గర 216 హైవే ఎక్కి, వైనతేయ మీద బోడసకుర్రు వంతెన దాటి, అమలాపురం, కొత్తపేట మీదుగా రావులపాలెం చేరితే 16వ నంబర్ జాతీయ రహదారి వచ్చేస్తుంది. నాలుగు లైన్ల రోడ్డు కనబడగానే చాలామంది చెయ్యి స్టీరింగ్ మీద ఉన్న క్రూయిజ్ బటన్ మీదకే వెళ్తుంది. కానీ పదేళ్లు దాటిన కారులో అది ఒక్కోసారి సెట్ అవ్వదు. "పోనీలే.. అదేమైనా ఇంజినా, బ్రేకా?" అని వదిలేస్తారు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

అసలు ఇదెలా పనిచేస్తుంది?
క్రూయిజ్ కంట్రోల్ కొత్త టెక్నాలజీ ఏమీ కాదు. చిన్నతనంలోనే చూపు కోల్పోయిన అమెరికా ఇంజినీర్ రాల్ఫ్ టీటర్ దీన్ని కనిపెట్టారు. 1950లో పేటెంట్ వచ్చింది. 1958లో క్రిస్లర్ కార్లలోకి ఎక్కింది. పని చాలా సింపుల్. మీరు సెట్ చేసిన స్పీడ్‌ను, బండి నడుస్తున్న స్పీడ్‌ను కంప్యూటర్ పోల్చి చూస్తూ ఉంటుంది. స్పీడ్ తగ్గితే యాక్సిలరేటర్ పెంచుతుంది, పెరిగితే తగ్గిస్తుంది. అంతే. పాత కార్లలో ఉండే మామూలు క్రూయిజ్ బ్రేక్ వేయదు, ముందున్న బండిని చూడదు.

బ్రేక్ లేదా క్లచ్ తొక్కగానే అది ఆగిపోవాలి. అందుకే పెడల్ పైన చిన్న స్విచ్‌లు ఉంటాయి. ఆ స్విచ్ నుంచి సరైన సమాచారం రాకపోతే, డ్రైవర్ బ్రేక్ తొక్కినా తనకు తెలియదన్న అనుమానంతో కంప్యూటర్ అసలు సెట్ అవ్వనివ్వదు. అంటే చాలాసార్లు క్రూయిజ్ పాడైపోలేదు, వేరే చోట ఉన్న లోపాన్ని మీకు చెబుతోందన్నమాట.

ముందు ఇంటి దగ్గరే చూసుకోండి
1. వాడే పద్ధతి: మెయిన్ బటన్ ఆన్ చేస్తే డాష్‌బోర్డు మీద గుర్తు వెలుగుతుంది. ఆ తర్వాత సెట్ కూడా నొక్కాలి. చాలా కార్లలో సుమారు 40 కిలోమీటర్ల స్పీడ్ దాటితేనే తీసుకుంటుంది. మీ కారు లెక్క ఎంతో కంపెనీ పుస్తకంలో ఉంటుంది.

2. బ్రేక్ లైట్లు: ఇదే అన్నిటికన్నా ముఖ్యం. చీకటి పడ్డాక కారును వెనక్కి పెట్టి గోడకు దగ్గరగా ఆపండి. బ్రేక్ తొక్కితే గోడ మీద ఎర్రటి వెలుగు పడాలి, కాలు తీయగానే పోవాలి. అసలు వెలగకపోయినా, కాలు తీసినా వెలుగుతూనే ఉన్నా ముందుగా అనుమానించాల్సింది బ్రేక్ స్విచ్‌నే. బల్బులు, ఫ్యూజ్ కూడా చూడాలి. క్రూయిజ్ సంగతి తర్వాత.. రాత్రిపూట హైవే మీద మీరు బ్రేక్ వేసిన సంగతి వెనకొచ్చే లారీకి తెలియదు. ఒకటి గుర్తుంచుకోండి. కొన్ని కార్లలో ఈ స్విచ్‌లో రెండు సర్క్యూట్లు ఉంటాయి, ఒకటి లైట్లకు, ఒకటి కంప్యూటర్‌కు. లైట్లు బాగానే వెలిగినా రెండోది పోయి ఉండొచ్చు.

3. క్లచ్ స్విచ్: మాన్యువల్ గేర్ కారైతే ఇదీ చూడాలి. ఫ్లోర్ మ్యాట్ జరిగి పెడల్ పూర్తిగా పైకి రాకపోయినా, క్లచ్ మీద కాలు ఆనించి నడిపే అలవాటున్నా క్రూయిజ్ పట్టదు.

4. ఫ్యూజ్: కాలిపోతే అదే ఆంపియర్‌ది వేయించండి. పెద్దది వేయడం, వైరు ముక్కతో కలపడం చేస్తే వైరింగ్ కాలే ప్రమాదం ఉంది.

మెకానిక్ దగ్గరకు ఎప్పుడు?
డాష్‌బోర్డు మీద ఏబీఎస్ లేదా చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంటే చాలా కార్లు క్రూయిజ్‌ను ఆపేస్తాయి. చక్రం దగ్గరున్న స్పీడ్ సెన్సార్‌కు బురద పట్టినా, వైరు తెగినా ఇదే పరిస్థితి. స్కానర్ పెడితే లోపం ఎక్కడో తెలుస్తుంది.

క్రూయిజ్‌తో పాటు హారన్, ఆడియో బటన్లు కూడా పనిచేయట్లేదా? అయితే స్టీరింగ్ లోపలుండే క్లాక్ స్ప్రింగ్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. దాన్ని ఇంట్లో విప్పొద్దు. అక్కడే ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. తేడా వస్తే ముఖం మీదే పేలుతుంది.

కోనసీమలో ఇంకో సమస్య కూడా ఉంది. సముద్రపు గాలి, తేమ, ఏటా వచ్చే వరద. 2022 జులైలో గోదావరి వరదకు లంక గ్రామాలు ఎలా మునిగాయో అందరూ చూశారు. నీళ్లలో నిలిచిన కారును కడిగి ఆరబెట్టినా, కనెక్టర్లలో పచ్చగా తుప్పు నెమ్మదిగా పడుతుంది. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు క్రూయిజ్ సెట్ చేసి చూడండి. పనిచేయకపోతే వైరింగ్ మొత్తం చూపించాకే బేరం మాట్లాడండి.

"బ్రేక్ స్విచ్ బైపాస్ చేసేద్దాం, క్రూయిజ్ వచ్చేస్తుంది" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. బ్రేక్ తొక్కినా సిస్టమ్‌కు తెలియని పరిస్థితిని చేతులారా తెచ్చుకున్నట్టే.

బాగు చేయించాక ఎక్కడ వాడాలి?
కోనసీమ లోపలి రోడ్ల మీద వద్దు. కాలవ గట్లు, మలుపులు, కొబ్బరి లోడు ట్రాక్టర్లు, ఒక్కసారిగా అడ్డొచ్చే గేదెలు.. కాలు ఎప్పుడూ బ్రేక్ దగ్గరే ఉండాలి. రావులపాలెం దాటి హైవే ఎక్కాక, ట్రాఫిక్ పలచగా, రోడ్డు పొడిగా ఉంటేనే వాడండి. కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం డివైడర్ ఉన్న నాలుగు లైన్ల రోడ్డు మీద కార్లకు గరిష్ఠ వేగం 100 కిలోమీటర్లు. అక్కడి బోర్డు మీద అంతకన్నా తక్కువ ఉంటే బోర్డు చెప్పిందే లెక్క.

వానలో ఆఫ్ చేయండి. నిలిచిన నీళ్ల మీద టైరు పట్టు తప్పితే, అదే స్పీడ్ నిలబెట్టాలని క్రూయిజ్ యాక్సిలరేటర్ ఇస్తూనే ఉండొచ్చు. నిద్ర వస్తున్నప్పుడు అసలే వద్దు. కాలికి పని లేకపోతే కునుకు ఇంకా తొందరగా పడుతుంది.

ఆగకపోతే ఏం చేయాలి?
చాలా అరుదే అయినా తెలిసి ఉండాలి. బ్రేక్ గట్టిగా, ఒకే పట్టుగా తొక్కండి. క్లచ్ తొక్కి గేర్ న్యూట్రల్‌కు తీయండి. ఆటోమేటిక్ అయితే లివర్‌ను న్యూట్రల్‌లో పెట్టండి. క్రూయిజ్ మెయిన్ బటన్ ఆఫ్ చేసి, పక్కకు తీసి ఆగాకే ఇంజిన్ కట్టేయండి. బండి కదులుతుండగా తాళం తీస్తే స్టీరింగ్ లాక్ పడిపోవచ్చు.

మళ్లీ అప్పనపల్లి బయల్దేరే ముందు కారు వెనక ఒకరిని నిలబెట్టి, ఒక్కసారి బ్రేక్ తొక్కి చూసుకోండి. అర నిమిషం పని. క్రూయిజ్ లేకపోయినా ప్రయాణం సాగుతుంది, బ్రేక్ లైట్లు లేకుండా మాత్రం బండి గేటు దాటొద్దు.