మంచుకొండలపై వసంతము

కీసరగుట్టపై వెలసిన శ్రీ రామలింగేశ్వరస్వామిని సేవించుటకై మహాశివరాత్రినాడు వేలాది జనులు వత్తురు. వేసవిలో ఆ గుట్టమీది రాతిబండలపై తెల్లవారుజామున చెప్పులు లేక నడచినను పాదములకు చల్లగా, హాయిగా నుండును. మధ్యాహ్నవేళ అదే బండపై కాలు మోపజాలము. బండ మారలేదు, దారి మారలేదు. వేళ మాత్రమే మారినది. బాలబాలికలారా! ఈ చిన్న సంగతిని మనసున నుంచుకొనినచో, వసంతకాలమున మంచుకొండలలో సంచరించువారు పాటింపవలసిన ముఖ్యనియమము మీకు సులభముగా బోధపడును.

శీతకాలమంతయు ఉన్నత పర్వతములపై మంచు కురియుచుండును. ఒక్కొక్కమారు కురిసిన మంచు ఒక్కొక్క పొరయై పేరుకొనును. ఆ పొరలన్నియు సమానముగా అతుకుకొనియుండవు. గట్టిపొర క్రింద బలహీనమైన పొర దాగియుండుట కలదు. వాలు తక్కువైనచోట మంచు కదలదు. మిక్కిలి నిట్టనిలువైనచోట నిలువక, ఎప్పటికప్పుడు కొద్దికొద్దిగా రాలిపోవును. సుమారు 30 మొదలు 45 డిగ్రీల వరకు వాలుగల చోటులే మిక్కిలి ప్రమాదకరములు. అచట పేరుకొనిన మంచు ఒక్కపెట్టున తెగి పల్లమునకు జారిపడుటనే హిమపాతమందురు. బిగ్గరగా అరచినచో మంచు కూలునని కొందరు తలంతురు. అది నిజము కాదు. కాని మనుష్యుని అడుగుబరువు దానిని కూల్చగలదు.

వసంతమున ఎండ తీక్ష్ణమగును. పగటి వేడిమికి పైమంచు కరగి, ఆ నీరు పొరల నడుమకు ఇంకి, వాని అతుకును సడలించును. రాత్రి ఆకాశము నిర్మలముగా నున్నచో, చలికి ఆ తడి మరల గడ్డకట్టి మంచును బిగించును. కావున వేకువను రాయివలె గట్టిగానున్న వాలు మధ్యాహ్నమునకు నానిన మట్టిగోడవలె నగును. రాత్రి మబ్బు క్రమ్మినను, వాన కురిసినను మంచు బాగుగా గడ్డకట్టదు. అట్టినాడు ఉదయమున గూడ దానిని నమ్మరాదు.

అందుచే అనుభవజ్ఞులు చీకటి యుండగనే బయలుదేరి, ఎండ ముదురకమునుపే వాలు దాటి క్షేమస్థలము చేరుదురు. అడుగు మెత్తని మంచులో లోతుగా దిగబడుట, మంచు ఉండలు తమంత తామే పైనుండి దొరలివచ్చుట, ఇవి వెనుకకు మరలుమని చెప్పు సూచనలు. ప్రమాదకరమైన వాలును ఒక్కొక్కరే దాటవలెను. తక్కినవారు క్షేమస్థలమున నిలిచి కనిపెట్టుచుండవలెను. ప్రతివారియొద్దను మూడు వస్తువులుండవలెను: పూడుకొనిపోయినవారి జాడ తెలుపు చిన్న రేడియో యంత్రము, మంచులో గ్రుచ్చి వెదకుటకు పొడవైన సన్నని కడ్డీ, త్రవ్వుటకు పార. మొదటి పది నిమిషములలో వెలికితీసినచో పెక్కుమంది బ్రతుకుదురు. ఆపై ఊపిరాడక, బ్రతుకు ఆశ వేగముగా సన్నగిల్లును. దూరమునుండి సహాయము వచ్చునంతవరకు కాలము ఆగదు. ప్రక్కనున్న మిత్రుడే రక్షకుడు.

మంచు నెరుగని మనకు ఈ విద్యతో పనియేమని తలపవలదు. కీసరకు తూర్పుదిక్కున భువనగిరి కోటను మోయుచున్న పెద్ద ఏకశిల కలదు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణయు, ఖమ్మము ప్రాంతపు సాధనపల్లి ఆనంద్ కుమారును సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. వారు ఆ బండపైననే శేఖర్‌బాబు అను పర్వతారోహకుని శిక్షణలో కొండలెక్కుట నేర్చిరి. పిమ్మట డార్జిలింగులోను, లడఖ్ మంచుకొండలలోను అభ్యసించి, 2014 మే 25వ తేదీన టిబెట్టువైపునుండి ఎవరెస్టు శిఖరమును చేరిరి. అప్పటికి పూర్ణ వయస్సు 13 సంవత్సరముల 11 నెలలు మాత్రమే. దాదాపు మీ యీడు పిల్ల!

కాని ఆ వసంతముననే, ఏప్రిల్ 18వ తేదీ ఉదయమున, అదే పర్వతమునకు నేపాలువైపున నున్న ఖుంబు హిమప్రవాహముపై పెనుమంచుగడ్డ విరిగిపడి 16 మంది నేపాలీయులు మరణించిరి. వారు ఇతరుల యాత్రలకై బరువులు మోయుచు, త్రోవ సిద్ధపరచుచున్నవారు, మంచుకొండలలో ఆరితేరినవారు. వేకువనే బయలుదేరినను వారికి రక్షణ కలుగలేదేమి? కొండచరియల నుండి వ్రేలాడు మంచుగడ్డలు ఎండతో నిమిత్తము లేకయే విరుగగలవు. వానికి వేళ లేదు. వాని క్రింద తడయరాదు. వీలైనచో ఆ త్రోవనే విడువవలెను. మరుసటి యేట ఆ దారిని చరియకు దూరముగా మార్చిరి. నియమములు అపాయమును తగ్గించును గాని బొత్తిగా తొలగింపజాలవని ఈ విషాదము తెలుపుచున్నది.

శిఖరము ఎచటికిని పోదు. నేడు మరలినవాడు రేపు మరల ఎక్కవచ్చును. వర్షాకాలమున పొంగిన వాగు ఒడ్డున నిలిచి, నీరు తగ్గువరకు వేచియుండు మన పల్లెరైతు పిరికివాడా? కాదు, వివేకి. మంచుకొండపై వెనుకకు అడుగువేయు సాహసియు అట్టివాడే. ఎక్కుట నేర్చుటకు కాళ్లబలము చాలును. మరలుట నేర్చుటకు మనోబలము కావలెను.