ఒక నీడ మధువు

సూళ్లూరుపేట దాటి శ్రీహరికోట త్రోవ పట్టిన కొంతసేపటికి నేల యంతరించి, రోడ్డునకు రెండు ప్రక్కలను పులికాటు సరస్సు పరచుకొనును. పదునెనిమిది కిలోమీటర్ల యీ దారిలో, మార్గశిర పుష్యమాసములయందు, ప్రొద్దు పడమటికి వాలి యింకను గ్రుంకని ఆ గంటసేపు, మోకాలిలోతైనను లేని నీటిలో రాజహంసలు సన్నని కాళ్లపై వంగి, ముక్కులు తలక్రిందులుగా ముంచి, బురదనీటిని జల్లెడ పట్టుచు మేయుచుండును. దూరమున, సరస్సునకు సముద్రమునకు నడుమ, ఉపగ్రహములను మింటి కెగురవేయు దీవి ఒక నల్లని గీతవలె గానవచ్చును. ఆ దారి మొదట ఒక తాటిచెట్టు, చెట్టు క్రింద ఒక టీ అంగడి, అంగడి ముందొక బల్ల గలవు. ఆ బల్లమీద కూర్చుండి ఒక్క గ్లాసు టీని గంటసేపు త్రాగుట నా కలవాటు. అంగడివాడు రెండు మూడు దినములు వింతగా జూచి, ఒకనాడు ఉండబట్టలేక, "ఏంది సార్, టీ చల్లారిపోయుండాది. మళ్లా వెచ్చబెట్టి ఇయ్యమంటారా?" అని యడిగెను. చల్లారనిమ్మని చెప్పితిని. ఈ తీరుబడి నాకు ఇటలీలో నబ్బినది.

కుమార్తె కాపురము వెనీసు నగరసమీపమున నుండుటచే ఒక యేడు రెండు మాసము లా ప్రాంతమున గడపితిని. అచట రియాల్టో వంతెన చేరువ, చేపల బజారు వెనుక సందులలో, 'బాకరో' లనబడు చిన్న చిన్న పానశాలలు గలవు. వానిలో నొకదానికి సాయంత్రము ఆరుగంటలకు పోవుట నాకు క్రమముగా నిత్యవ్రతమైనది. మన బడ్డీకొట్టుకంటె కొంచెమే పెద్దదైన గది, నల్లబారిన దూలములు, కూర్చుండుటకు నాలుగు ముక్కాలిపీటలు మాత్రమే యుండుటచే వచ్చినవారిలో ముప్పాతికమంది నిలుచుండియో, గుమ్మము వెలుపల కాలువగట్టున గ్లాసు నానించియో త్రాగుదురు. అమ్మకపు బల్లమీది అద్దాలపెట్టెలో, మిఠాయి యంగడిలో లడ్లు పేర్చినట్లు, బొటనవ్రేలి పొడవున కోసి కాల్చిన రొట్టెముక్కలు, వానిపై వేయివిధముల వ్యంజనములు: సగము కోసిన గ్రుడ్డు, ఉప్పునీట నూరిన ఆలివు కాయలు, వెల్లుల్లితో వేచిన కటిల్ చేప. వీనిని చికెట్టి యందురు. ఎన్ని దిన్నను కడుపు నిండదు, కాని కడుపు ఖాళీగా నుండదు. ఈ సూక్ష్మమును గుర్తించినవాడే యా పానశాల మర్మమును గుర్తించినవాడు.

నాకందులో మిక్కిలి నచ్చినది ఎండుచేప. కట్టెవలె బిగిసిన కాడ్ చేపను దినములతరబడి నానవేసి, ఉడికించి, ముండ్లు తీసి, ఆలివునూనె సన్నని ధారగా పోయుచు చెయ్యి నొప్పెట్టువరకు గిలకొట్టగా, అది వెన్నవలె తెల్లనై పొంగును. మామిడికాయ వేసిన నెల్లూరు చేపల పులుసు తిని పెరిగిన నాలుకకు మొదటినాడు అది పథ్యపు కూడువలె తోచినది. మూడవనాటికి దానికొరకే కాళ్లు అటు నడచినవి. ఈ చేప వెనీసు సముద్రమున బుట్టినది కాదు. 1431లో పియెత్రో క్వెరీని యను వెనీసు వర్తకుడు క్రీటుదీవి ద్రాక్షాసవమును ఓడకెత్తి ఫ్లాండర్సు దేశమున నమ్మబోవుచుండగా, తుపానులో ఓడ చెడి, చావగా మిగిలిన కొలదిమందితో నార్వే యుత్తరభాగమున లోఫోటెన్ దీవులలో ఒడ్డునబడెను. అచటి జాలరులు వారిని ఆదరించి గాలికెండిన చేపలు పెట్టిరి. మరుసటియేడు వాడు దేశము చేరి యా కథ చెప్పెను. ఆసవము సముద్రము పాలైనను చేప మాత్రము వెనీసు చేరినది. ఆరువందల యేండ్లుగా ఆ ఊరి మద్యపు గ్లాసు ప్రక్కన చోటు విడువలేదు.

ఇక గ్లాసు సంగతి. వెనీసువాడు ఒక గ్లాసు మధువు కావలెనని యడుగడు. ఒక 'ఒంబ్రా' ఇమ్మని యడుగును. ఆ మాటకర్థము నీడ. పూర్వము సాన్ మార్కో చౌకమున గంటాగోపురపు నీడ యెటు జరిగిన అటు తమ బండ్లను జరుపుకొనుచు, మధువు వేడెక్కకుండ వర్తకు లమ్ముకొనెడివారని, అందుచే చిన్న గ్లాసునకు నీడయను పేరు నిలిచినదని అచటివారు చెప్పుదురు. కథ నిజమో కల్పనయో గాని, మాట మాత్రము చక్కనిది. నేను పోవు చోట పెద్దాయన నన్ను జూడగానే వ్రేలొకటి పైకెత్తి కనుబొమలతోనే ప్రశ్నించును. నేను తల యూపుదును. ప్రొసెక్కో యను తెల్లని నురుగు మధువు గ్లాసులో సగమునకు పడును. దాని చల్లదనమునకు గ్లాసు వెలుపల చెమర్చి, చుక్కలు కూడి, ఒకటొకటిగా కాలు వెంట జారుట చూచుచునే పదినిమిషములు గడపవచ్చును. రెండవ నీడ నడిగినవాడు మర్యాద తప్పినవాడు కాడు గాని, నేనెన్నడు నడుగలేదు.

భోజనమునకు ముందైన యీ పానమునకు ఇటలీవారు 'అపెరితీవో' యని పేరిడిరి. తెరచుట యను లాటిను ధాతువునుండి పుట్టిన యీ పదమునకు ఆకలి తలుపు తీయునదని మనము తాత్పర్యము చెప్పుకొనవచ్చును. ఆయుర్వేదమున దీపనమను మాట గలదు. మందులకొట్టులో ద్రాక్షారిష్టము కొని, భోజనసమయమున మూతతో కొలిచి త్రాగిన మన తాతలకు ఈ భావము క్రొత్తదికాదు. 1786లో తూరిను నగరమున కార్పానో యనువాడు మధువున చేదు మూలికలు నానవేసి వెర్మూతును అమ్మెను. 1860లో కాంపారి యను ఎఱ్ఱని చేదు, 1919లో పాదువా నగరమున అపెరోల్ అను నారింజవన్నె చేదు వెలసినవి. మన అరిష్టములు సీసాలో మందులుగానే మిగిలినవి. వారి చేదు మందు సాయంకాలపు సొగసైనది.

మన దేశమున కూర్చుండుట యొకచోట, త్రాగుట వేఱొకచోట. కూర్చుండుటకు టీ అంగడి, అరుగు, రచ్చబండ గలవు. త్రాగుటకు వైన్ షాపు గలదు. దాని పలకమీద ఎంత పెద్ద యక్షరములతో వైన్స్ అని వ్రాసియున్నను లోపల బ్రాంది, విస్కీ, బీరు మెండుగ దొరకును గాని వైను మాత్రము అడిగినవానిని వింతగా జూతురు. ఇనుపకమ్ముల నడుమనుండి సీసా వెలుపలికి వచ్చును, లుంగీమడతలో దాగును, గోడచాటున నిలుచుండి గొంతులో పడును. కొనువాని తొందర యెంతటిదనిన, వెనీసు పెద్దాయన దానిని జూచిన, ఈ మనిషి కెక్కడో రైలు తప్పిపోవుచున్నదని యనుకొనును. తాటిచెట్టు క్రింద పాలు త్రాగినను కల్లే యను లోకమున, ఊరివారి కంటబడక త్రాగవలెనను ఆత్రమే మద్యమును ముందు చెరుపును, మద్యము మనిషిని తరువాత చెరుపును.

నెల్లూరు జిల్లా యీ మాటను పుస్తకములలో చదివి నేర్వలేదు. 1990 దశకారంభమున, ప్రభుత్వమే సారాను పొట్లములలో గట్టించి పల్లెపల్లెకు పంపుచున్న కాలమున, అచటి దూబగుంట స్త్రీలు రాత్రిబడిలో అక్షరములు దిద్దుకొనుచు, కూలిడబ్బు ఎటు పోవుచున్నదో లెక్క గట్టి, ఊరి సారా అంగడిని మూయించిరి. వారికి ముందు నడచిన వర్ధినేని రోశమ్మ పేరు నాడు ఆంధ్రదేశమంతట మ్రోగినది. నిప్పు జిల్లాయంతట ప్రాకి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమున సారాయమ్మకము నిలిచెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలెను. నిషేధము సడలినను, ఆ పల్లెలలో మొగుడు చేత పట్టుకొన్న గ్లాసును ఆడువారు నేటికిని ఒకవిధమైన చూపుతో జూతురు. వారి చూపు తప్పనుటకు నాకు నోరు రాదు. నీడ యంతటి గ్లాసుతో తృప్తిపడువాడు ఇంటికి కూలిడబ్బు తెచ్చును. కాని పొట్లములో నీడ కొలత లేదు.

ఇటలీ మధువు ఈ తూర్పుతీర మెరుగనిదేమియు గాదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో ఎఱ్ఱసముద్ర యానమును వర్ణించి గ్రీకునావికు డొకడు వ్రాసిన పొత్తమున, పడమటితీరపు భరుకచ్ఛ రేవునకు దిగుమతియగు మధువులలో ఇటలీదే మేలైనదిగ నెన్నబడెను. పుదుచ్చేరి చేరువ అరికమేడున 1945లో మార్టిమర్ వీలరు త్రవ్వించినపుడు, రోమకులు మధువు నింపి పంపిన రెండు చెవుల కూజాల పెంకులు బయల్పడెను. ఆ కూజా అడుగు కోసుగ నుండును, నేలమీద నిలువదు, ఓడ యడుగున నిసుకలోనో, ఒకదాని భుజముల నడుమ నొకటిగానో గ్రుచ్చి నిలుపవలెను. మధువు కారకుండ లోపల పూసిన చెట్టుబంకతో, నెలల ప్రయాణముచే, దేశము చేరిన మధువునకు బంకరుచి పట్టియుండును. నెల్లూరి చేరువనే, 18వ శతాబ్ది చివర, పొలము దున్నుచున్న రైతునకు రోమకచక్రవర్తుల బంగారునాణెముల కుండ దొరకెను. ట్రాజను, హేడ్రియనుల ముఖములు ముద్రించిన యా నాణెములు పట్టుకొని మన పూర్వులు ఏమి యమ్మిరో, ఏమి కొనిరో. బంకరుచిగల ఆ మధువును ఒక గ్రుక్క యెవడో త్రాగియే యుండవచ్చునని నా యూహ. నచ్చినదో లేదో!

ఇరువది శతాబ్దముల తరువాత ఇటలీవారు మరల ఈ తీరమునకు సరకుతో వచ్చిరి. ఈసారి సరకు 352 కిలోల ఉపగ్రహము, పేరు అజిలే, పని గామాకిరణములను పట్టుట. 2007 ఏప్రిల్ 23న మధ్యాహ్నము మూడున్నరకు, రోమునగరమున సరిగా మిట్టమధ్యాహ్నమునకు, శ్రీహరికోటనుండి పి.ఎస్.ఎల్.వి. సి-8 రాకెట్టు దానిని మోసికొని పోయెను. సరకు తేలిక యగుటచే, ప్రక్కల గట్టు ఆరు సహాయకయంత్రములను విడిచి ఒంటిమొండెముతో పోయిన మొదటి ప్రయోగమదియే. భూమధ్యరేఖను దాదాపు హత్తుకొని తిరిగిన యా ఉపగ్రహము తన సమాచారమును కెన్యాతీరమున మాలిందికి దింపెడిది. అది ఇటలీవారికి పాతచోటే: 1967లో అచటి సముద్రము నడుమ కట్టిన వేదికనుండి వారు ఉపగ్రహము నెగురవేసిరి. ఆ వేదికకు వారిడిన పేరు సాన్ మార్కో. నీడ వెంట మధుబండ్లు జరిగిన చౌకము పేరే. 2010లో వృషభరాశిలోని కర్కటనీహారిక మేకువలె స్థిరమని నమ్మిన కాంతితో నకస్మాత్తుగ భగ్గుమనుటను కనిపెట్టినది అజిలేయే. రెండేండ్ల పనికని పంపబడి, దాదాపు పదునేడేండ్లు తిరిగి, 2024 ఫిబ్రవరిలో వాయుమండలమున బడి కాలిపోయెను.

మొన్న ఆ బల్లమీద కూర్చుండి ఇదంతయు తలపోయుచుంటిని. సరస్సుమీద ఎండ రాగిచెంబు రంగునకు వచ్చెను. చేపలబుట్ట కట్టిన సైకిలు నిలిపి ఒక ముసలి జాలరి సగము టీ తాగి, సగము టీ సాసరులో పోసి తన వెంట వచ్చిన మనుమరాలికి ఇచ్చెను. ఆ పిల్ల రెండు చేతులతో సాసరు పట్టుకొని ఊదుచు, ఊదుచు, నీటిలోని రాజహంసల నెన్ని యున్నవో లెక్కబెట్టుచు, నలువది దగ్గర తప్పి మరల ఒకటితో మొదలు పెట్టెను. తాతకు తొందర లేదు. ఎండ నా మోకాళ్లమీదికి ప్రాకెను. అంగడివాడు బయటికి వచ్చి తాటిచెట్టువైపు చూచి, "రోంత లేయండి సార్, నీడ అటు పోయుండాది, బల్ల జరపతా" నని రెండవ కొన పట్టుకొమ్మనెను. ఇద్దరము కలసి జరిపితిమి.