సీడెడ్ (పదం)

సీడెడ్ అనేది ఆంగ్ల భాష నుండి తెలుగులోకి వచ్చిన పదం. "ఇతరుల వశం చేయబడినది" అని దీని అర్థం. ఈ పదం తెలుగునాట చరిత్రలో ఒక భూభాగానికి, సినిమా వ్యాపారంలో ఒక పంపిణీ ప్రాంతానికి పేరుగా నిలిచింది.

వ్యుత్పత్తి, అర్థాలు

"సీడ్" అనే ఈ ఆంగ్ల క్రియకు మూలం లాటిన్ భాషలోని "కేదెరె". వెళ్ళుట, తొలగుట, లొంగుట అని దీని అర్థాలు. కన్సీడ్ (ఒప్పుకొనుట), రిసీడ్ (వెనుకకు తగ్గుట), ప్రొసీడ్ (ముందుకు సాగుట) అనే పదాలు కూడా ఈ ధాతువు నుండే పుట్టాయి. ఒడంబడిక ద్వారా భూమిని, హక్కును వదలివేయుట "సీడ్" పదానికి ముఖ్యార్థం. బీమా రంగంలో, తన నష్టభారంలో కొంత భాగాన్ని మరొక సంస్థకు అప్పగించే కంపెనీ విషయంలో కూడా దీనిని వాడతారు. విత్తనం అనే అర్థం గల "సీడ్" వేరే పదం. తెలుగులో రెండింటినీ ఒకే విధంగా వ్రాయడం వలన పొరబడే అవకాశం ఉంది.

దత్త మండలాలు

1800 అక్టోబరు 12న కుదిరిన ఒడంబడికలో నిజాం అలీ ఖాన్, 1792, 1799 సంవత్సరాలలో మైసూరు రాజ్యం నుండి తనకు లభించిన ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి వదలివేసాడు. తన రాజ్యంలో ఉంచిన కంపెనీ సైన్యపు ఖర్చుకు బదులుగా ఇది జరిగింది. బళ్ళారి, కడప ప్రాంతాలు ఇందులో ముఖ్యమైనవి. కంపెనీ వీటిని "సీడెడ్ డిస్ట్రిక్ట్స్" అని పిలిచింది. తెలుగులో "దత్త మండలాలు" అన్నారు. 1800 నుండి 1807 వరకు థామస్ మన్రో ఇక్కడ ప్రధాన కలెక్టరుగా పనిచేసాడు. నంద్యాల మాత్రం కర్నూలు నవాబు ఏలుబడిలో ఉండి, 1839లో కంపెనీ పాలనలోకి వచ్చింది.

కంపెనీ పాలనలో పాలెగాళ్ళు అధికారం కోల్పోయారు. ఆళ్ళగడ్డ సమీపంలోని ఉయ్యాలవాడకు చెందిన నరసింహారెడ్డి 1846లో తిరుగుబాటు చేసి కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేసాడు. 1847 ఫిబ్రవరి 22న అతనిని కోయిలకుంట్లలో ఉరితీసారు.

నంద్యాలలో పేరు మార్పు

"దత్త" అనే మాటలో ఇచ్చినవాడు, పుచ్చుకొన్నవాడు కనిపిస్తారు గాని, ఆ నేలపై నివసించే ప్రజలు కనిపించరు. అందువలన ఈ పేరు అవమానకరమనే భావన విద్యావంతులలో పెరిగింది. 1928 నవంబరులో ఆంధ్ర మహాసభ సందర్భంగా నంద్యాలలో జరిగిన దత్త మండలాల సమావేశంలో "రాయలసీమ" అనే పేరును స్వీకరించారు. ఈ పేరును సూచించినది చిలుకూరి నారాయణరావు అని చెబుతారు. ఆయన అధ్యాపకుడుగా పనిచేసిన అనంతపురం కళాశాల 1916లో "సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ" అనే పేరుతోనే ప్రారంభమైంది. విజయనగర రాయల ఏలుబడిని గుర్తుచేసే కొత్త పేరు త్వరలోనే వాడుకలో స్థిరపడింది.

సినిమా రంగంలో

పాత పేరు సినిమా పంపిణీదారుల వాడుకలో మాత్రం మిగిలిపోయింది. నైజాం, సీడెడ్ మొదలైనవి పంపిణీ ప్రాంతాల పేర్లు. సినిమావారి "సీడెడ్", చరిత్రలోని దత్త మండలాలు పూర్తిగా ఒకటి కావు. చిత్తూరు పట్టణం 1800 నాటి దత్త మండలాలలో లేదు గాని, సినిమా సీడెడ్‌లో ఉంది. ఆనాడు ముఖ్య భాగమైన బళ్ళారి 1953లో మైసూరు రాష్ట్రంలో కలిసింది.